కుర్చీ దిగడమూ పరిచర్యే



సంఘ కమిటీల ఎన్నికల కాలం వచ్చింది. గరిడేపల్లి చుట్టుపక్కల ఏ మందిరానికి వెళ్లినా ఆరాధన ముగిశాక చెట్టు కింద ఇదే మాట. ఈసారి కార్యదర్శి ఎవరు? కోశాధికారి ఎవరు? పాత పెద్దలే ఉంటారా, కొత్తవారికి చోటిస్తారా? అలాంటి మాటల మధ్యలో, అమెరికా నుండి సెలవుకు వచ్చిన ఒక యువకుడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. అంత పెద్ద దేశానికి అధ్యక్షుడైనవాడే రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదని చట్టం ఉంది కదా, మరి అరవై కుటుంబాల మన సంఘంలో ఒకే మనిషి పద్దెనిమిదేళ్లుగా పద్దుల పుస్తకం ఎందుకు పట్టుకుని ఉన్నాడని. పెద్దల్లో కొందరు నవ్వారు, కొందరు ముఖం తిప్పుకున్నారు. మేము మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. దాని గురించి ఆలోచిస్తుండగా మనకందరికీ తెలిసిన ఒక పెద్దమనిషి జీవితం గుర్తుకు వచ్చింది. ఏటా సెప్టెంబరు 5న మన బడుల్లో ఆయన పటానికి దండ వేస్తారు. ఆ రోజు పిల్లలు చీరలు, పంచెలు కట్టుకుని ఒక్క పూట టీచర్ల కుర్చీలో కూర్చుంటారు. సాయంత్రం గంట కొట్టగానే దిగిపోతారు. ఆ పటంలో తలపాగాతో ఉన్న డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు కూడా ఎన్నో కుర్చీల్లో కూర్చున్నారు, వాటన్నిటినీ దిగారు. ఆయన దిగిన తీరు మనకు పనికివస్తుందని ఈ వారం ఆయన కథ రాస్తున్నాం.

ముందుగా ఆ యువకుడు చెప్పిన అమెరికా సంగతి చూద్దాం. ఆ దేశపు మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ రెండు పదవీకాలాలు ముగించుకుని 1797లో తన పొలానికి తిరిగి వెళ్లాడు. మూడోసారి వద్దని అప్పట్లో ఏ చట్టమూ చెప్పలేదు. ఆయన వేసిన ఆ బాట దాదాపు నూట యాభై ఏళ్లు నిలిచింది. మధ్యలో ఒకరిద్దరు దాన్ని దాటాలని చూసినా నెగ్గలేదు. చివరికి ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1940లో మూడోసారి, 1944లో నాలుగోసారి గెలిచి, 1945 ఏప్రిల్ 12న పదవిలో ఉండగానే కన్నుమూశాడు. అది యుద్ధకాలం, ప్రజలే ఆయన్ని కోరుకున్నారు. అయినా ఆ తర్వాత ఆ దేశం ఆగి ఆలోచించింది. ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడిగా ఎన్నిక కాకూడదని 22వ రాజ్యాంగ సవరణ చేసుకుంది. అది 1951 ఫిబ్రవరి 27న ఖాయమైంది.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే మన దేశమూ రాజ్యాంగం రాసుకుంటోంది. 1948 నాటి ముసాయిదాలో రాష్ట్రపతి మరొక్కసారి మాత్రమే ఎన్నిక కావచ్చన్న హద్దు ఉండేది. చర్చల తర్వాత ఆ హద్దును తీసేశారు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 57వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి మళ్లీ పోటీ చేయవచ్చు, ఎన్నిసార్లన్న లెక్క లేదు. అమెరికా కాగితం మీద గీత గీసుకుంటే మనం ఆ గీతను మనుషుల మనస్సాక్షికి వదిలేశాం. రాధాకృష్ణన్ గారి కథ ఆ మనస్సాక్షికి జరిగిన పరీక్షల కథ.

ఆయన 1888 సెప్టెంబరు 5న అప్పటి మద్రాసు రాజధానిలోని తిరుత్తణిలో ఒక పేద తెలుగు కుటుంబంలో పుట్టారు. పూర్వికుల ఊరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి, ఇంటిపేరు అక్కడిదే. తండ్రి వీరాస్వామి గారు జమీందారు దగ్గర చిన్న రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. కొడుకును చదివించే స్తోమత అంతంత మాత్రం. ఆ పిల్లవాడిని చదివించినవి మన మిషను బడులు.

ఈ మాట మనలో చాలామందికి తెలియదు. 1896లో ఆయన తిరుపతిలో జర్మను లూథరన్ మిషనువారి బడిలో చేరారు. తర్వాత వేలూరులో అమెరికా మిషనువారి వూర్హీస్ కాలేజీలో చదివారు. ఆ తర్వాత స్కాట్లండు మిషనరీలు నడిపిన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ., ఎం.ఏ. పూర్తి చేశారు. తత్వశాస్త్రం తీసుకోవడానికి కారణం కూడా పేదరికమే. ఆ పుస్తకాలు ఒక బంధువు చదివి ఇచ్చేసినవి, కొనక్కర్లేదు. అలా దాదాపు పన్నెండేళ్లు మూడు దేశాల మిషనరీల చేతి కింద పెరిగిన పిల్లవాడు ఆయన.

అయినా ఆయన క్రైస్తవుడు కాలేదు. అక్కడ ఆగి మనం కొంచెం సిగ్గుపడవలసిన సంగతి ఉంది. ఆ తరగతి గదుల్లో హిందూ విశ్వాసాన్ని తక్కువ చేసి మాట్లాడిన విమర్శలు ఆ యువకుడి మనసును నొప్పించాయి. నా పెద్దల నమ్మకంలో నిజంగా ఏమీ లేదా అని ఆయన వెదకడం మొదలుపెట్టారు. 1908లో ఎం.ఏ. కోసం రాసిన పరిశోధన వ్యాసం వేదాంతపు నీతిశాస్త్రం గురించే. దాన్ని చూసి మెచ్చుకున్నవారు మళ్లీ ఒక మిషనరీ ఆచార్యుడే, ఆల్ఫ్రెడ్ హాగ్ గారు. తన మతాన్ని సమర్థిస్తూ శిష్యుడు రాసిన దానిలో ఉన్న ప్రతిభను ఆయన దాచకుండా గుర్తించారు. ఒకే ప్రాంగణంలో ఒక మాట నొప్పించింది, మరొక మాట నిలబెట్టింది. క్రీస్తును గూర్చి రాధాకృష్ణన్ గారు చేరుకున్న అభిప్రాయాలతో మేము ఏకీభవించం. అన్ని మార్గాలూ ఒకే శిఖరానికి చేరుతాయన్న ఆయన వాదాన్ని మన విశ్వాసం ఒప్పుకోదు. కాని మన బడిలో చదివి మనతో విభేదించిన మనిషి దగ్గర కూడా నేర్చుకోదగినది ఉంటే నేర్చుకోవడానికి మనం జంకకూడదు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1918లో మైసూరు వెళ్లారు. అక్కడ మూడేళ్లు కూడా పూర్తిగా గడవకముందే, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచింది. మైసూరు వదిలి వెళ్లే రోజున విద్యార్థులు బండికి కట్టిన గుర్రాలను విప్పేసి, తామే కాడి పట్టుకుని ఆయన్ని రైల్వేస్టేషను దాకా లాక్కుని వెళ్లారు. ఒక గురువు కుర్చీ దిగి వెళ్తుంటే పిల్లలు అలా సాగనంపారంటే, ఆ కుర్చీలో ఉన్నన్నాళ్లు ఆయన ఎలా ఉన్నారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత పిలుపులు వరుసగా వచ్చాయి. 1931 నుండి 1936 వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. 1936లో ఆక్స్‌ఫర్డులో ప్రాచ్య మతాల ఆచార్య పీఠం ఇచ్చారు. 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయాన్ని నడిపించారు. రాజ్యాంగ సభలో సభ్యులయ్యారు. స్వతంత్ర భారతంలో విశ్వవిద్యాలయాల చదువు ఎలా ఉండాలో పరిశీలించిన సంఘానికి 1948లో అధ్యక్షత వహించారు.

1949లో నెహ్రూ గారు ఆయన్ని సోవియట్ రష్యాకు రాయబారిగా పంపారు. దేవుడు లేడనే రాజ్యానికి ఒక తత్వవేత్తను పంపడమేమిటని చాలామంది ఆశ్చర్యపోయారు. 1952లో తిరిగి వచ్చేముందు ఆయన స్టాలిన్‌ను కలిశారు. లోకమంతా వణికే ఆ మనిషిని, బడిపిల్లవాడిని పలకరించినట్లు చెంప నిమిరి వీపు తట్టి వీడ్కోలు చెప్పారని చెబుతారు. స్టాలిన్ దాదాపు ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీ దిగని మనిషి. మరుసటి ఏడాది 1953 మార్చి 5న దానిలోనే చనిపోయాడు. తన తర్వాత ఎవరో చెప్పకుండా, చెప్పగలిగిన వారినెవరినీ దగ్గర ఉంచుకోకుండా వెళ్లిపోయాడు. ఆ వెనుక జరిగిన పెనుగులాట చరిత్రకు తెలుసు.

1952 మే నెలలో రాధాకృష్ణన్ గారు పోటీ లేకుండా మన దేశపు మొదటి ఉపరాష్ట్రపతి అయ్యారు. రాజేంద్రప్రసాద్ గారు రాష్ట్రపతి. రాజ్యసభకు అధ్యక్షత వహిస్తూ, గొడవ ముదిరినప్పుడు ఒక శ్లోకమో ఒక చమత్కారమో చెప్పి సభను చల్లబరిచేవారని, పార్లమెంటును ఇంటివారి కూడికలాగా నడిపారని పేరు తెచ్చుకున్నారు.

ఇప్పుడు అసలు పరీక్ష దగ్గరికి వచ్చాం. 1957లో రాష్ట్రపతి ఎన్నిక వచ్చింది. రాజేంద్రప్రసాద్ గారు 1950 నుండి ఆ పదవిలో ఉన్నారు. ఆయన పక్కకు జరిగి రాధాకృష్ణన్ గారికి చోటివ్వాలని నెహ్రూ గారి మనసులో ఉంది. కాని కాంగ్రెసు పెద్దల్లో చాలామంది రాజేంద్రబాబే ఉండాలన్నారు. ఆయనా రెండోసారికి సమ్మతించారు. పై కుర్చీ ఖాళీ అవుతుందనుకున్న మనిషి కింది కుర్చీలోనే ఇంకో ఐదేళ్లు కూర్చోవలసి వచ్చింది.

రాధాకృష్ణన్ గారు బాధపడ్డారు. ఉపరాష్ట్రపతిగా రెండోసారి ఉండనని, వెళ్లిపోతానని కూడా అనుకున్నారు. ఆయన జీవితచరిత్ర రాసిన కుమారుడు సర్వేపల్లి గోపాల్ గారు ఈ సంగతిని దాచలేదు. అంతకు కొద్ది నెలల క్రితమే, 1956లో భార్య శివకాము గారు చనిపోయారు. ఇల్లు ఖాళీ, ఆశ పెట్టుకున్న చోటు దొరకలేదు. మనలో ఎవరికైనా ఆ బాధ అర్థమవుతుంది. దండ వేసిన పటంలో కనిపించేది ఋషి, కాని 1957లో ఉన్నది మనలాంటి మనిషే. చివరికి నెహ్రూ గారు, మిత్రులు నచ్చజెప్పగా ఉండిపోయారు. మళ్లీ పోటీ లేకుండానే ఎన్నికయ్యారు. ఆ ఐదేళ్లూ తన పైనున్న వ్యక్తికి ఎదురు నిలవకుండా తన పని తాను చేశారు.

మరి రాజేంద్రబాబు సంగతి? ఆయన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. 1962లో ఆయనా కుర్చీ దిగి పాట్నాలోని సదాకత్ ఆశ్రమానికి వెళ్లిపోయారు. 1963 ఫిబ్రవరి 28న అక్కడే ప్రాణం విడిచారు. ఇప్పటికీ మన దేశంలో రాష్ట్రపతిగా రెండుసార్లు ఎన్నికైనది ఆయనొక్కరే. మూడోసారి ఆయన ఉండకపోవడమే ఒక అలవాటుకు పునాది వేసింది. కాగితం మీద లేని గీత అక్కడ నేల మీద పడింది.

1962లో జరిగిన ఎన్నికలో రాధాకృష్ణన్ గారికి 5,53,067 విలువగల ఓట్లు వచ్చాయి. పోటీ చేసిన మిగతా ఇద్దరికీ కలిపి పదివేలు కూడా రాలేదు. మే 13న ప్రమాణం చేశారు. అప్పటికి వయసు 73. పుట్టినరోజు వేడుక చేస్తామని వచ్చిన శిష్యులతో, నాకు కాదు, ఉపాధ్యాయులందరికీ చేయండని ఆయన అన్న దాని నుండే ఉపాధ్యాయ దినోత్సవం మొదలైంది. గౌరవం తన దాకా వచ్చినప్పుడు దాన్ని పక్కవారికి మళ్లించడం ఆయనకు తెలుసు.

ఆ ఐదేళ్లు తేలికగా గడవలేదు. అక్టోబరులో చైనా యుద్ధం వచ్చింది. 26వ తేదీన అత్యవసర పరిస్థితి ప్రకటన మీద ఆయన సంతకం చేశారు. మనవారి అజాగ్రత్తను, అమాయకపు నమ్మకాన్ని ఆయన బహిరంగంగానే ఎత్తిచూపారు. 1963 జూన్‌లో అమెరికా వెళ్తే అధ్యక్షుడు కెనడీ వైట్ హౌస్‌లో స్వాగతం పలికాడు. ఐదున్నర నెలల్లో కెనడీ హత్యకు గురయ్యాడు. 1964 మే 27న నెహ్రూ గారు కన్నుమూశారు. నందా గారి చేత తాత్కాలికంగా, ఆ తర్వాత శాస్త్రి గారి చేత ప్రధానిగా ప్రమాణం చేయించారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. 1966 జనవరి 11న తాష్కెంటులో శాస్త్రి గారు చనిపోయారు. మళ్లీ నందా గారు, ఆ వెంటనే ఇందిరాగాంధీ గారు. రెండేళ్లు తిరగకముందే ఇద్దరు ప్రధానులను పోగొట్టుకున్న దేశంలో, కదలకుండా నిలిచినది ఆ ముసలి గురువే. ఇలాంటి మనిషి లేకపోతే దేశం ఏమైపోతుందో అని ఎవరైనా అనవచ్చు. అనిపించుకోవడానికి తగిన పని ఆయన చేశారు కూడా.

ఇక 1967. మన ప్రాంతంలో పెద్దవాళ్లకు ఆ సంవత్సరం మరో సంగతికి గుర్తు. ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలిన ఏడాది అది. దానికి కొన్ని నెలల ముందు, జనవరిలో, గణతంత్ర దినోత్సవ సందేశంలో రాధాకృష్ణన్ గారు ప్రభుత్వ అసమర్థతను, వనరుల దుర్వినియోగాన్ని గట్టిగా విమర్శించారు. ఫిబ్రవరి ఎన్నికల్లో కాంగ్రెసు అనేక రాష్ట్రాల్లో దెబ్బతింది. రాష్ట్రపతి ఎన్నిక దగ్గరపడింది. రాధాకృష్ణన్ గారినే రెండోసారి నిలబెట్టాలని పార్టీ అధ్యక్షుడు కామరాజ్ గారి కోరిక. ఉపరాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు కావాలని ప్రధాని ఇందిరాగాంధీ గారి కోరిక. రాజ్యాంగం అడ్డు చెప్పదు. ముందున్నాయన రెండుసార్లు ఉన్నారు. వెనుక నిలబడి గొంతెత్తేవారు ఉన్నారు. గట్టిగా పట్టుబడితే పోరాటానికి కావలసిన సరంజామా అంతా ఉంది.

ఆయన పట్టుబట్టలేదు. మళ్లీ పోటీ చేయనని ప్రకటించేశారు. దీన్ని మేము ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పదలచుకోలేదు. ప్రధాని మద్దతు లేదని ఆయనకు తెలుసు. వయసు 78కి వచ్చింది. అయినా తలుపు సగం మూసుకుంటున్నప్పుడు దాన్ని కాలితో ఆపేవాళ్లు ఎంతమంది! తన పేరు మీద రెండు వర్గాలు కొట్టుకునేలోపే ఆయన లేచి నిలబడ్డారు. పదేళ్ల కిందట తనకు దొరకని చోటును తాను తన వెనుకవాడికి ఇచ్చారు. 1957లో తాను పడిన బాధను జాకిర్ హుస్సేన్ గారు పడలేదు.

ఆ ఎన్నికలో ప్రతిపక్షాల తరఫున పోటీ చేసినది మరో తెలుగువారు, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి వచ్చిన కోకా సుబ్బారావు గారు. జాకిర్ హుస్సేన్ గారు 4,71,244 ఓట్ల విలువతో గెలిచి 1967 మే 13న ప్రమాణం చేశారు. దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి ఆయనే. మన దేశంలో ఒక చక్కని ఆచారం ఉంది. పార్లమెంటు సెంట్రల్ హాలులో కొత్త రాష్ట్రపతి ప్రమాణం చేయగానే, పాతవారూ కొత్తవారూ తమ కుర్చీలు మార్చుకుంటారు. అంతవరకు మధ్యలో ఉన్నవారు లేచి పక్కకు వెళ్తారు. ఒక నిమిషం పట్టదు. కాని కొన్ని దేశాల్లో ఆ నిమిషం కోసం నెత్తురు పారింది.

రాధాకృష్ణన్ గారు మద్రాసు వెళ్లి మైలాపూరులోని తన ఇంట్లో పుస్తకాల మధ్య ఉండిపోయారు. మళ్లీ ఏ పదవీ కోరలేదు. 1975లో మత రంగంలో సేవకు ఇచ్చే టెంపుల్టన్ బహుమతి ఆయన్ని వెదుక్కుంటూ వచ్చింది. అంతకుముందు అది మదర్ తెరెసాకు, సహోదరుడు రోజర్‌కు వచ్చింది. క్రైస్తవులు కానివారిలో దాన్ని అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. ఆ సొమ్మంతా ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. అదే ఏడాది ఏప్రిల్ 17న కన్నుమూశారు. ఆ తర్వాత మన తెలుగువారిలో వి.వి. గిరి గారు, నీలం సంజీవరెడ్డి గారు కూడా రాష్ట్రపతులయ్యారు. వారూ ఒక్కొక్క పదవీకాలమే ఉండి ఇంటికి వచ్చారు.

ప్రియులారా, ఈ కథ మన మందిరం గుమ్మం దాకా వస్తుంది.

పదవికి హద్దు అనేది అమెరికావాళ్లు కనిపెట్టినది కాదు. అది మన బైబిలులోనే ఉంది. లేవీయులు ఇరవై అయిదేళ్ల వయసు నుండి ప్రత్యక్షపు గుడారపు సేవలో చేరాలని, యాభై ఏళ్లు నిండగానే ఆ పని మానుకోవాలని దేవుడు మోషేకు ఆజ్ఞాపించాడు (సంఖ్యాకాండము 8:23-26). అక్కడితో వారిని ఇంటికి పంపివేయలేదు. తమ సహోదరులకు తోడుగా ఉండమన్నాడు, బరువు మాత్రం మోయవద్దన్నాడు. ఎంత దయగల కట్టడ! దిగినవాడికి గౌరవం పోదు, ఎక్కినవాడికి తోడు పోదు, గుడారపు సేవ ఆగదు. మోషే కూడా తన మరణం సంగతి వినగానే తన గురించి అడగలేదు. కాపరి లేని గొర్రెల్లా సమాజం ఉండకూడదని, ఒకరిని నియమించమని వేడుకున్నాడు. యెహోషువ మీద అందరి ఎదుట చేతులుంచి తన ఘనతలో కొంత అతనికిచ్చాడు (సంఖ్యాకాండము 27:12-23). చాటుగా కాదు, అందరి ఎదుట.

మా తప్పు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. చాలా ఏళ్ల క్రితం ఒక కాపరుల సహవాసంలో మేము కార్యదర్శిగా ఉండేవాళ్లం. నియమావళి ప్రకారం రెండుసార్లే. మూడోసారి కూడా మీరే ఉండాలని నలుగురు అనగానే అది ప్రభువు పిలుపే అనుకున్నాం. నియమం మార్చే తీర్మానాన్ని మా చేత్తోనే మినిట్సు పుస్తకంలో రాసుకున్నాం. ఆ బాధ్యత కోసం నమ్మకంగా సిద్ధపడుతున్న ఒక చిన్న వయసు కాపరి ఆ సాయంత్రం ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. తర్వాతి కూడికలకు రాలేదు. మూడోసారి మేము చేసిన పనులేవీ ఇప్పుడు గుర్తు లేవు. ఆ ఖాళీ చాప మాత్రం గుర్తుంది.

మీరు లేకపోతే ఎలా అన్న మాట వినడానికి తీపిగా ఉంటుంది. పల్లె సంఘాల్లో అందులో నిజమూ ఉంది. లెక్కలు రాయగలిగినవారు ఇద్దరే ఉంటారు, బ్యాంకుకు వెళ్లడం తెలిసినవారు ఒకరే ఉంటారు. అనుభవజ్ఞుడు దిగిపోతే నష్టమూ ఉంటుంది, అది కాదనలేం. రాధాకృష్ణన్ గారి తర్వాత వచ్చిన జాకిర్ హుస్సేన్ గారు రెండేళ్లు పూర్తికాకముందే, 1969 మే 3న, పదవిలోనే చనిపోయారు. దేశం తడబడింది, కాని నిలిచింది. పద్దెనిమిదేళ్లలో మరొకరికి పద్దులు రాయడం నేర్పలేదంటే, ఆ లోటు సంఘానిది ఎంతో నేర్పని వాడిది కూడా అంతే. ఎవరూ లేరన్న మాట మొదటి ఏడాది కారణం అవుతుంది, పద్దెనిమిదో ఏడాది అది నేరాంగీకారమే అవుతుంది.

మన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. సాగర్ కాల్వకు వారబందీ ఎందుకు పెడతారు? పై పొలంవాడు చెడ్డవాడని కాదు. నీరు తన గట్టు పక్కనే పారుతుంటే తూము మూయడానికి ఏ మనిషికీ మనసొప్పదు, అందుకని. వంతు అయిపోగానే పైన తూము మూస్తేనే చివరి మడి తడుస్తుంది. సంఘంలో పదవి కూడా అలాంటి నీరే. అది దేవుడు అందరి పంట కోసం వదిలినది. మన వంతు రోజుల్లో మన మడి తడుపుకున్నాం, చాలు.

కాబట్టి ఈ ఎన్నికల కాలంలో సంఘాలకు మా మనవి ఇది. మీ నియమావళిని బయటికి తీసి చదవండి. అందులో పదవీకాలం హద్దు ఉంటే దాన్ని పాటించండి, మనిషిని బట్టి మార్చకండి. లేకపోతే అందరూ కూడి ఒకటి పెట్టుకోండి. మారే ప్రతి బాధ్యతకు ముందు ఏడాదే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పండి. మన స్త్రీలలో, యువకులలో నమ్మకస్థులు ఉన్నారు, వెదికితే కనిపిస్తారు. పద్దుల పుస్తకం, బ్యాంకు పుస్తకం, మందిరం స్థలం కాగితాలు ఆరాధన రోజున సంఘమంతా చూస్తుండగా చేతులు మార్చండి. దిగినవారిని మరచిపోకండి, లేవీయులలాగా వారిని తోడుగా ఉంచుకోండి. ఇన్నేళ్లు సేవ చేసిన పెద్దను దొంగను చూసినట్లు చూడటం కూడా పాపమే. ఆ యువకుడికి ఈ మాటా చెప్పాలి. ప్రశ్న అడిగితే చాలదు, బరువు ఎత్తుకోవడానికి భుజమూ ఇవ్వాలి.

పద్దెనిమిదేళ్లుగా పుస్తకం పట్టుకున్న ఆ సహోదరుడికి కూడా ప్రేమతో ఒక మాట. అయ్యా, మీరు కష్టపడ్డారు. వానకు తడిసిన రోజుల్లో కూడా కానుకల సంచిని గుండెకు హత్తుకుని ఇంటికి చేర్చారు. ఆ లెక్క ప్రభువు దగ్గర ఉంది. ఇక లేచి నిలబడి ఆ కుర్చీని ఒక చిన్నవాడి వైపు జరపండి. సేవకుడి రూపం ధరించి తన్ను తాను తగ్గించుకున్న మన ప్రభువు, మిమ్మల్ని ఆ నిమిషంలో ఎంత సంతోషంగా చూస్తాడో మాకు తెలుసు.

కుర్చీ ఎక్కినప్పుడు ప్రార్థన చేయించుకునే మనకు, దిగేటప్పుడు కూడా ప్రార్థన చేయించుకునే కృపను ప్రభువు దయచేయును గాక. ఆమేన్.